రంగు చూడలేని యంత్రం

తలుపు వేయండి. పెద్ద లైటు తీసేయండి. తెర వెలుగు చాలు.

ఇది 2006. అమెరికాలోని న్యూ హేవెన్, యేల్ విశ్వవిద్యాలయం. మీ ఎదురుగా నిలువెత్తు లోహపు స్తంభం ఉంది. స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్. పక్క కుర్చీలో యాకోబ్ వింథర్ కూర్చున్నాడు. డెన్మార్క్ నుంచి పీహెచ్‌డీ చేయడానికి వచ్చిన కుర్రాడు. కానీ ఇవాళ నాబ్ మీద చెయ్యి మీది. చూడాల్సిందీ తేల్చాల్సిందీ మీరే.

యంత్రం కడుపులో చిన్న రాతి పెచ్చు పెట్టారు. వేలి కొన మీద ఆనించుకుంటే నల్ల చుక్కలా కనిపిస్తుంది, అంతే. జురాసిక్ కాలంలో స్క్విడ్ జాతి జీవి ఒకటి సముద్రం అడుగున చచ్చిపడి, బురదలో కూరుకుపోయి, రాయిగా మారింది. మెత్తటి ఒళ్ళు చాలావరకు పోయింది. సిరా సంచి మాత్రం మిగిలింది. శత్రువు మీదికి వస్తే నీళ్ళలోకి నల్లగా చిమ్మి తప్పించుకోవడానికి దాచుకున్న సిరా అది. మీ పెచ్చు ఆ సిరాలోదే.

పంపు రొద వింటున్నారా? లోపలి గాలిని లాగేస్తోంది. గాలి ఉంటే ఎలక్ట్రాన్లు దారిలోనే చెదిరిపోతాయి. రొద సన్నబడుతుంది. ఇక బీమ్ ఆన్ చేయండి.

తెర నిండా బూడిద రంగు మసక. ఫోకస్ నాబ్ కొంచెం తిప్పండి. ఇంకా మసకే. ఇంకొంచెం. ఎక్కువైంది, వెనక్కి రండి. అదిగో, అంచులు తేలాయి.

చిన్న చిన్న గుండ్లు. రాగులు రాశి పోసినట్టు ఒకదాని మీద ఒకటి, లెక్కలేనన్ని.

మామూలు మైక్రోస్కోప్‌తో ఇది కుదరదా అని మీకు అనిపిస్తుంది. కుదరదు. మన కంటికి కనిపించే వెలుగు తరంగాల పొడవు 400 నుంచి 700 నానోమీటర్లు. వస్తువు అంతకంటే చిన్నదైతే దాని ఆకారం వెలుగులో అలుక్కుపోతుంది. ఎలక్ట్రాన్ తరంగం వెలుగు కంటే వేల రెట్లు పొట్టిది. సన్నటి ఎలక్ట్రాన్ పుంజం పెచ్చు మీద వరస వెంట వరస పాకుతూ పోతుంది. అది తగిలిన చోటల్లా పైపొరలోంచి ఎలక్ట్రాన్లు లేస్తాయి. వాటిని పట్టుకుని యంత్రం చుక్క చుక్కగా బొమ్మ కడుతుంది.

అయితే ఆ బొమ్మలో రంగు ఉండదు. గులాబీ రేకు పెట్టినా బొగ్గు ముక్క పెట్టినా తెర మీద కనిపించేవి నలుపు తెలుపుల మధ్య ఛాయలే. ఈ మాట మనసులో పెట్టుకోండి. ఇక ముందు మీరు వెతకబోయేది రంగునే, అదీ ఈ యంత్రంతోనే.

ఇప్పుడు ఈనాటి సముద్రజీవి సిరా తీసుకుని, ఎండబెట్టి, అదే యంత్రంలో పెట్టండి. అవే గుండ్లు. రెండు బొమ్మలూ పక్కపక్కన పెడితే ఏది పాతదో ఏది కొత్తదో చెప్పడం కష్టం.

సిరాను నల్లగా చేసేది మెలనిన్. మీ జుట్టులో, చర్మంలో, కంటి పాప చుట్టూ ఉన్నదీ అదే. అది ఎంత మొండి పదార్థమో 19వ శతాబ్దంలోనే ఒకరు చూపించారు. ఇంగ్లండ్ తీరాన లైమ్ రీజిస్ అనే ఊళ్ళో ఎలిజబెత్ ఫిల్‌పాట్ ఇలాంటి శిలాజ సిరాను నీళ్ళతో తడిపి, దానితోనే ఇక్తియోసార్ బొమ్మలు గీసింది. కోట్ల ఏళ్ళ కిందటి సిరా కాగితం మీద పారింది.

మీరు కుర్చీలో వెనక్కి వాలతారు. మనసు ముందుకు దూకుతుంది. సిరాలో మెలనిన్ నిలిచిందంటే, మెలనిన్ ఉన్న ఇంకేవేవి నిలిచి ఉండాలి?

ఈకలు.

చిన్నప్పుడు చూసిన డైనోసార్ బొమ్మల పుస్తకం గుర్తు తెచ్చుకోండి. ఒకటి ఆకుపచ్చ, ఒకటి బూడిద, ఇంకొకటి మట్టి రంగు. అన్నీ చిత్రకారుల ఊహలే. ఎముకలు దొరుకుతాయి, రంగు ఎప్పటికీ దొరకదని పుస్తకాలే చెప్పేవి. కానీ కొన్ని డైనోసార్లకు ఈకలు ఉండేవి. చైనాలో ఈకలతో సహా రాయైపోయినవి దొరుకుతున్నాయి. ఆ ఈకల్లో మెలనిన్ మిగిలి ఉంటే?

ఒళ్ళు జలదరిస్తుంది. ఆ వెంటనే గోడ ఎదురవుతుంది.

శిలాజ ఈకల్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూడడం మీతో మొదలు కాలేదు. 1983లో జర్మనీలో మిషాయెల్ వుట్కే, మెస్సెల్ అనే చోట దొరికిన శిలాజాల మెత్తటి భాగాల్లో చిన్న చిన్న కడ్డీల్లాంటివి చూశారు. బాక్టీరియా అన్నారు. జీవి కుళ్ళేటప్పుడు బాక్టీరియా చేరి, వాటి ఒళ్ళే ఖనిజంగా గట్టిపడి, ఆ ఆకారాన్ని నిలబెట్టిందని వివరించారు. 1995లో పాల్ డేవిస్, డెరెక్ బ్రిగ్స్ శిలాజ ఈకల్ని పరీక్షించారు. వాటిలోనూ అలాంటివే కనిపించాయి. బాక్టీరియా అని వాళ్ళూ రాశారు.

ఆ డెరెక్ బ్రిగ్స్ ఎవరో తెలుసా? వింథర్‌కు గైడ్. ఇదే విశ్వవిద్యాలయంలో ఉన్నారు.

ఇప్పుడు ఆలోచించండి. ప్రపంచమంతా గౌరవించే శాస్త్రవేత్త, పైగా మీ గైడ్, అచ్చు వేయించిన మాట ఒకటుంది. అది తప్పేమోనని మీకు అనుమానం. చేతిలో ఉన్నది సిరా పెచ్చు, ఒక ఊహ. నోరు మూసుకుంటే డిగ్రీ సాఫీగా వస్తుంది. నోరు తెరిస్తే రుజువు చూపించాలి.

రుజువు ఎక్కడుంది? ఫొటోలో లేదు. చాలా బాక్టీరియాలు మైక్రాన్ అటూ ఇటూ పొడవుంటాయి. పక్షి ఈకల్లో మెలనిన్‌ను దాచుకునే సంచులూ అంతే. వాటిని మెలనోజోమ్‌లు అంటారు. మీ తల వెంట్రుక మందంలో వాటిని వరసగా పేరిస్తే డెబ్బై ఎనభై పడతాయి. ఆకారం కడ్డీలాగే, కొసలు గుండ్రం. ఒక్క ఫొటో చూసి ఇది సూక్ష్మజీవి, ఇది రంగు సంచి అని ఎవరూ తేల్చలేరు.

మొదట డెన్మార్క్‌లోని ఫర్ అనే రాతి పొరల్లో దొరికిన పక్షి పుర్రె తీసుకోండి. సుమారు 5.5 కోట్ల ఏళ్ళ కిందటిది. పుర్రె చుట్టూ ఈకలు నల్లటి నీడలా అంటుకుని ఉన్నాయి. యంత్రంలో పెట్టండి. కడ్డీలు కనిపిస్తాయి, వేల సంఖ్యలో. మీకు మెలనోజోమ్‌లే అనిపిస్తాయి. కానీ మిమ్మల్ని నమ్మనివాడికి అవి ఇప్పటికీ బాక్టీరియాలే. అతన్ని తప్పు పట్టలేరు.

అయితే ఎలాంటి శిలాజం కావాలి? ఒకే ఈకలో నలుపూ ఉండాలి, తెలుపూ ఉండాలి.

అలాంటిది ఉంది. ఈశాన్య బ్రెజిల్‌లోని క్రాటో సున్నపురాయిలో దొరికిన ఈక. క్రెటేషియస్ కాలం నాటిది, పది కోట్ల ఏళ్ళు దాటిన వయసు. దాన్ని చేతిలోకి తీసుకోండి. మెల్లగా. నల్ల పట్టీ, తెల్ల పట్టీ, మళ్ళీ నల్ల పట్టీ, మళ్ళీ తెల్ల పట్టీ. భూతద్దం కూడా అక్కర్లేదు.

ఇప్పుడు తర్కం మీ చేతిలోకి వచ్చింది. అవి ఈకను తిన్న బాక్టీరియాలైతే ఈకంతా ఉండాలి. వాటికి చారలతో పనేముంది? అసలు మెలనిన్ ఉన్న నల్ల ఈక బాక్టీరియాకు అంత తేలిగ్గా లొంగదు. తినాల్సి వస్తే ముందు తెల్ల భాగాన్నే తినాలి. మెలనోజోమ్‌లైతే సంగతి వేరు. నల్ల పట్టీలోనే ఉంటాయి, తెల్ల పట్టీలో ఉండవు.

ఒక్క పరీక్ష. రెండు జవాబుల్లో ఒకటే నిలుస్తుంది.

నమూనా యంత్రంలో ఉంది. మూత పడింది. గాలి పోయింది. బొమ్మ ఇంకా స్పష్టంగా రావాలంటే నమూనాను లెన్స్‌కు దగ్గరగా ఎత్తాలి. స్టేజ్ నాబ్ పట్టుకోండి. లోపల ఏం జరుగుతోందో చిన్న కెమెరా చూపిస్తోంది. పైన లెన్స్ మొన. కింద రాయి. మధ్యన ఖాళీ.

ఎత్తండి. పదిహేను మిల్లీమీటర్లు.

పన్నెండు.

రాతి పైభాగం సమంగా లేదు. ఒక మూల పైకి లేచి ఉంది. కెమెరాలో ఆ మూల సరిగా కనబడదు.

పది.

ఇంకొంచెం ఎత్తితే బొమ్మ బాగుంటుంది. ఇంకొంచెం ఎత్తితే తగలొచ్చు. తగిలితే లెన్స్ గీసుకుపోతుంది. ఈక నలిగిపోతుంది. అలాంటి ఈక మళ్ళీ దొరకదు.

తొమ్మిది.

ఊపిరి బిగబట్టారు. వేళ్ళు చెమర్చాయి.

ఆగండి.

చాలు. నాబ్ వదలండి. ఈ దూరంలోనే చూద్దాం.

నల్ల పట్టీ మీదికి వెళ్ళండి. బీమ్. ఫోకస్. కడ్డీలు. ఒకటి రెండు మైక్రాన్ల పొడవు. గుంపులు గుంపులుగా, చాలావరకు ఒకే దిక్కుకు తలలు పెట్టి, ఒత్తుగా.

తెల్ల పట్టీకి జరపండి. జాయ్‌స్టిక్ మెల్లగా. నల్లటి భాగం అంచు దాటింది.

ఖాళీ.

రాయి ఉంది. ఒకప్పుడు ఈక నొక్కిన గుర్తులు ఉన్నాయి. కడ్డీ ఒక్కటి కూడా లేదు.

వెనక్కి వెళ్ళండి. కడ్డీలు. మళ్ళీ ముందుకు. ఖాళీ. ఇంకో పట్టీ చూడండి. అదే వరస.

అయినా సంబరపడకండి. ఇంకొకటి చూడాలి. ఎలక్ట్రాన్ పుంజం తగిలినప్పుడు ఒక్కో మూలకం తనకే సొంతమైన శక్తితో ఎక్స్‌రేలు విడుస్తుంది. వాటిని కొలిచే పరికరం ఈ యంత్రానికే తగిలించి ఉంది. నల్ల పట్టీ మీద గురిపెట్టండి. గ్రాఫులో కార్బన్ గీత నిటారుగా లేస్తుంది. తెల్ల పట్టీ మీద పెట్టండి. కార్బన్ గీత అంతగా లేవదు. చివరగా బతికున్న పక్షి జాతి ఒకదాని నల్ల ఈక, తెల్ల ఈక తీసుకుని పోల్చండి. నల్లదాంట్లో మెలనోజోమ్‌లు, తెల్లదాంట్లో సున్న. రాతి ఈక చెప్పినదీ, కొత్త ఈక చెప్పినదీ ఒకటే.

2008లో ‘బయాలజీ లెటర్స్’ పత్రికలో వ్యాసం వచ్చింది. రచయితలు నలుగురు: వింథర్, బ్రిగ్స్, రిచర్డ్ ప్రమ్, వినోద్‌కుమార్ శరణాథన్. రెండో పేరు మరోసారి చదవండి. పదమూడేళ్ళ కిందట తాను అచ్చు వేయించిన మాటను కొట్టివేసే వ్యాసానికి బ్రిగ్స్ తానే సహరచయిత అయ్యారు. గైడ్ అంటే ఇలా ఉండాలి. శిష్యుడి ముందు తన పాత మాటను వదులుకోగలిగినవాడే సైన్సును నడిపిస్తాడు. ఇరవై ఐదేళ్ళుగా అందరి కళ్ళ ముందూ ఉన్న కడ్డీలే అవి. ఎవరూ తెల్ల పట్టీ వైపు తిరిగి చూడలేదు, అంతే.

సరే, నలుపు తెలుపులు దొరికాయి. మరి మిగతా రంగులు? యంత్రానికి రంగు కనబడదు కదా?

ఆకారాన్ని అడగండి. ఈనాటి పక్షుల ఈకలు తెప్పించి, ఒక్కొక్కటే చూస్తూ పోండి. కాకి నలుపులాంటి రంగుల్లో మెలనోజోమ్ పొడుగ్గా, కడ్డీలా ఉంటుంది. ఇటుక రంగు, ఎర్రమట్టి రంగు ఈకల్లో పొట్టిగా, ఉండలా ఉంటుంది. మొదటిదాంట్లో ఉండేది యూమెలనిన్, రెండోదాంట్లో ఉండేది ఫియోమెలనిన్. బూడిద రంగుదీ తనదైన కొలతే. అంటే పొడవు, వెడల్పు, దట్టత కొలిస్తే చాలు. నలుపు తెలుపు బొమ్మలోంచి ఎరుపు బయటికి వస్తుంది.

ఒక పరిమితి ఉంది. దాచకండి. పక్షుల రంగులన్నీ మెలనిన్ ఇచ్చినవి కావు. పసుపు, నారింజ రంగులు చాలావరకు వేరే పదార్థాలవి, అవి అంత గట్టిగా నిలవవు. ఇంకొన్ని రంగులకు రంగు పదార్థమే ఉండదు. దసరా రోజున మనం వెతుక్కుని మరీ చూసే పాలపిట్టను తలచుకోండి. రెక్క విప్పితే మెరిసే ఆ నీలం ఏ వర్ణద్రవ్యమూ కాదు. ఈకలోని అతి సూక్ష్మమైన అమరిక వెలుగును చెదరగొడితే పుట్టే రంగు. ఆ పాలపిట్ట ఈకలనే పరీక్షించి, పక్షుల రంగుల పుట్టుక మీద సి.వి. రామన్ 1934లో వ్యాసం రాశారు. అమరికే రంగైతే, అమరిక నిలిచిన చోట రంగూ దొరకాలి. 2009లో వింథర్ బృందం మెస్సెల్‌లో దొరికిన 4.7 కోట్ల ఏళ్ళ నాటి ఈకను చూసింది. పైపొరలో మెలనోజోమ్‌లు నున్నగా, ఒత్తుగా పరుచుకుని ఉన్నాయి. బతికున్నప్పుడు ఆ ఈక నూనె తెట్టులా రంగులు మారుస్తూ మెరిసేదని ఆ అమరికే చెప్పింది.

ఇక డైనోసార్ దగ్గరికి రండి.

మీ ముందు రాతి పలక. ఈశాన్య చైనాలోని లియావోనింగ్‌లో దొరికి, బీజింగ్ ప్రకృతి చరిత్ర మ్యూజియానికి చేరింది. పేరు యాంకియోర్నిస్. సుమారు 16 కోట్ల ఏళ్ళ నాటిది. మన పెరటి కోడిని మించదు. ముందుకాళ్ళకే కాదు, వెనక కాళ్ళకూ పొడుగాటి ఈకలున్నాయి. తల మీద ఈకల కిరీటం. అంతా రాతి మీద ముదురు మచ్చగా పరుచుకుని ఉంది.

ఈ జంతువు ఒంటి నిండా రంగు ఎలా ఉండేదో తెలియాలంటే ఒక్క చోట చూస్తే సరిపోదు. తల, మెడ, రెక్క మొదలు, రెక్క కొస, కాలు. మొత్తం 29 చోట్ల నుంచి పెచ్చులు తీయాలి.

స్కాల్పెల్ మీ చేతికిచ్చారు.

ఎక్కడ మొదలుపెడతారు? ప్రతి పెచ్చూ శిలాజంలోంచి పోయే ముక్కే. తక్కువ తీస్తే బొమ్మ అసంపూర్ణం. ఎక్కువ తీస్తే రేపు వచ్చేవాడికి ఏమీ మిగలదు. పెద్ద ఈక మధ్యలో వద్దు. అంచులో తీయండి. ఇప్పటికే పగులున్న చోట.

మొన ఆనించండి. నొక్కకండి. మెల్లగా ఎత్తండి.

టక్.

పెచ్చు లేచింది. బియ్యపు నూకంత కూడా లేదు. ఊపిరి తగిలినా ఎగిరిపోతుంది. ట్వీజర్స్‌తో పట్టండి. వణక్కండి. అల్యూమినియం బిళ్ళ మీద కార్బన్ టేప్ ఉంది, దాని మీద పెట్టండి. అంకె వేయండి. పలక ఫొటోలో అదే చోట అదే అంకె వేయండి. అంకె మారితే తలకు రెక్క రంగు పడుతుంది.

మళ్ళీ మొన. మళ్ళీ టక్.

ఈ పనిలో మీరు ఒక్కరే లేరు. చైనా నుంచి లీ చువాన్‌గువో, గావో కెచిన్, మెంగ్ చింగ్‌జిన్. అమెరికా నుంచి ప్రమ్, మాథ్యూ షాకీ, లిలియానా డాల్బా, జూలియా క్లార్క్. బతికున్న పక్షుల మెలనోజోమ్ కొలతలు ఒక పక్క, శిలాజం కొలతలు ఒక పక్క. గణాంకాల లెక్క రెంటినీ కలుపుతోంది.

ఇంతలో వార్త.

2010 జనవరి 27. ‘నేచర్’ పత్రిక. జాంగ్ ఫుచెంగ్, మైక్ బెంటన్ తదితరుల బృందం. సైనోసారోప్టెరిక్స్ అనే డైనోసార్ తోక మీద ఎర్రగోధుమ చారలున్నాయి. తెలుపుతో కలిసి, ఒకదాని తర్వాత ఒకటి. రుజువు ఏమిటి? మెలనోజోమ్‌లు.

వాళ్ళు ముందొచ్చారు.

మీ గుండె జారిపోతుంది. ఒక్క క్షణమే. ఆ వ్యాసం మొత్తం చదవండి. వేరే బృందం, వేరే శిలాజం, దొరికింది మాత్రం మీకు దొరికినదే. మెలనోజోమ్‌లు నిజమని ఇప్పుడు మీరొక్కరే అనడం లేదు.

వారం గడిచింది. ఫిబ్రవరి 4. ‘సైన్స్’ పత్రికలో మీ బృందం వ్యాసం. యాంకియోర్నిస్ ఒళ్ళు ముదురు బూడిద. కాళ్ళు రెక్కల పొడుగాటి ఈకలు తెల్లవి, కొసలు నల్లవి. తల మీది కిరీటం ఇటుక ఎరుపు. ముఖం మీద ఎర్రటి చుక్కలు. ఒక డైనోసార్ ఒంటి రంగును తల నుంచి కాలి దాకా చిత్రకారుడి ఊహ లేకుండా గీయడం అప్పుడే మొదలు.

కథ ఇక్కడితో సుఖంగా ముగిసిందనుకుంటున్నారా? కాదు. అసలు పరీక్ష ఇప్పుడే.

మరియా మెక్‌నమారా బృందం ఈనాటి ఈకల్ని తీసుకుని, మూసిన పాత్రలో పెట్టి, వేడినీ ఒత్తిడినీ పెంచింది. భూమి లోతుల్లో ఈక పడే బాధ అది. బయటికి తీసి చూస్తే మెలనోజోమ్‌లు కుంచించుకుపోయి ఉన్నాయి. 2013లో ఈ ఫలితం వచ్చింది. మీ లెక్కంతా పొడవు వెడల్పుల మీదే కదా? కడ్డీ కాస్త పొట్టిదైతే నలుపు కాస్తా ఎరుపు అయిపోదూ?

2014లో ఇంకో దెబ్బ. మేరీ ష్వైట్జర్ ఉన్న బృందం కోడి ఈకల మీద బాక్టీరియాను పెంచి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టింది. ఆకారాన్నీ కొలతనూ చూసి రెంటినీ విడదీయడం కష్టమంది. పాత ప్రశ్న మళ్ళీ గుమ్మంలో నిలబడింది.

2015లో యోహాన్ లిండ్‌గ్రెన్ బృందం యాంకియోర్నిస్ శిలాజం ఇంకొకటి తీసుకుంది. కిరీటంలో ఎరుపు కనబడలేదు. ముదురు రంగు మెలనోజోమ్‌లే కనబడ్డాయి.

ఏం చేస్తారు? కోపం తెచ్చుకుంటారా? మీ పాత బొమ్మను పట్టుకుని వేలాడతారా?

అడిగినవాళ్ళు శత్రువులు కారు. వాళ్ళ ప్రశ్నను మీ బల్ల మీద పెట్టుకోండి. ఆకారం ఒక్కటే చాలదంటే రసాయనాన్ని అడగండి. దారి అప్పటికే మొదలైంది. 2012లో వింథర్ కూడా ఉన్న ఒక బృందం జురాసిక్ సిరాను రసాయనికంగా పరీక్షించి అందులో యూమెలనిన్ ఉందని చూపించింది. ఆ తర్వాత కప్పలు, చేపలు, గబ్బిలాలు, ఈకలు అన్నీ వరసకట్టాయి. మెలనిన్‌ను వేడికీ ఒత్తిడికీ గురిచేసి, అది ఎలా మారుతుందో చూసి, శిలాజాల్లో మిగిలినదానితో పోల్చారు. కడ్డీ లాంటిది కనిపించిన చోట మెలనిన్ జాడ కూడా దొరికితే అది బాక్టీరియా అనడం కష్టం. సందేహించినవాళ్ళే ఈ పనికి వెన్నెముక అయ్యారు.

ఇప్పుడు వింథర్ ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో ఉన్నాడు. 2010లో వారం ముందు వ్యాసం వేసిన బెంటన్‌దీ ఆ విశ్వవిద్యాలయమే. పోటీ పడినవాళ్ళు ఒకే గొడుగు కిందికి వచ్చారు.

రంగు తెలిస్తే ఏమొస్తుంది? బొమ్మల పుస్తకం అందంగా ఉంటుంది, అంతేనా?

జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌కు రండి. సెంకెన్‌బర్గ్ మ్యూజియంలో సిట్టకోసారస్ శిలాజం ముందు నిలబడండి. చిలుక ముక్కులాంటి మూతి ఉన్న శాకాహార డైనోసార్. చర్మం మీద రంగు మచ్చలు కంటికే కనిపిస్తున్నాయి. వీపు ముదురు, పొట్ట లేత. జింకను గుర్తు చేసుకోండి. ఎండ పైనుంచి పడితే వీపు వెలిగి, పొట్ట నీడలో ఉండాలి. రంగు దానికి తలకిందులుగా ఉంటే వెలుగునీడలు చెరిగిపోయి, ఒళ్ళు చదునుగా కనబడుతుంది. వేటాడే జంతువు కన్ను మోసపోతుంది.

కళాకారుడు రాబర్ట్ నికల్స్ దాని నిజ పరిమాణంలో బొమ్మ చేశాడు. బ్రిస్టల్ వృక్షశాస్త్ర ఉద్యానంలో దాన్ని నిలబెట్టారు. మీరు చేయాల్సిన పని ఒకటుంది. ఒంటి మీద ఒకే బూడిద రంగు వేసిన నమూనాను ఆరుబయట ఎండలో పెట్టి ఫొటో తీయండి. తర్వాత చెట్ల నీడలో పెట్టి తీయండి. నీడ ఒంటి మీద ఎక్కడ పడుతోందో చూడండి. సిట్టకోసారస్ పొట్ట మీద ముదురు లేతగా మారే చోటు ఏ నీడకు సరిపోతోంది?

చెట్ల కింద పడే మసక నీడకు.

అంటే అది అడవి జంతువు. 2016లో ఈ ఫలితం అచ్చయింది. ఎముక చెప్పని చిరునామాను చర్మం రంగు చెప్పింది.

మరుసటి ఏడు కెనడా నుంచి ఇంకొకటి. అల్బర్టాలోని గనిలో 2011లో తవ్వే యంత్రానికి తగిలిన బోరియలోపెల్టా అనే డైనోసార్. ఒంటి నిండా కవచం, ముళ్ళు. బతికున్నప్పుడు బరువు టన్ను దాటేది. దాని చర్మపు పొరలో రసాయన జాడలు వెతికిన బృందంలో వింథర్ కూడా ఉన్నాడు. ఎర్రగోధుమ రంగు తేలింది. వీపు ముదురు, పొట్ట లేత. ఇంత కవచం ఉన్న జంతువు కూడా దాక్కునేది. ఈనాడు ఏనుగుకూ ఖడ్గమృగానికీ అలాంటి రంగు అక్కర్లేదు, వాటిని వేటాడేది దాదాపు లేదు. క్రెటేషియస్ కాలంలో వేటగాళ్ళు ఎంత భయంకరమైనవో ఈ కవచధారి పొట్ట రంగు చెబుతోంది.

ఇప్పుడు నాబ్ పూర్తిగా మీది. రేపు మీ బల్ల మీదికి కొత్త పలక వస్తుంది. అందులో నల్లటి మచ్చ ఉంటుంది. కడ్డీలు కనిపిస్తాయి. వెంటనే రంగు పేరు చెప్పేయాలని నోరు ఊరుతుంది. చెప్పకండి. నల్లటి చోటు నుంచి ఒక పెచ్చు తీస్తే, దాని పక్కన ఏమీ లేని చోటు నుంచి ఇంకోటి తీయండి. ముందు ఖాళీని చూడండి. అక్కడా కడ్డీలుంటే మీ ఊహను వదిలేయండి. లేకపోతే కొలత తీసుకోండి, రసాయనం అడగండి, మిమ్మల్ని నమ్మనివాడిని పిలిచి చూపించండి. ఈ యంత్రం రంగును ఎప్పటికీ చూడలేదు. కానీ మీరు ప్రశ్న సరిగ్గా అడిగితే, పదహారు కోట్ల ఏళ్ళ కిందటి ఎరుపును కూడా అది చెప్పగలదు.